పద్నాలుగు సెకన్ల రోడ్డు

హైవేలకు స్పీడు లిమిటు ఉండాలా వద్దా అని మీబోటి కుర్ర ఇంజనీర్లు వాదించుకుంటుంటే నేను పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటాను. నన్ను అడిగితే ఉండాలనే అంటాను. ఎంత ఉండాలి అని మాత్రం అడగొద్దు. ఉద్యోగంలో ఉండగా ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క చోట, ఎంత ఉండాలో నిజంగా కనుక్కుందామని బయల్దేరాను. దురదృష్టం, కనుక్కున్నాను కూడా. ఆ పాపం రిటైరయ్యేదాకా నన్ను వదల్లేదు.

మా తిరుపతి వాళ్ళకు ఈ విషయంలో కొంత అనుభవం ఉంది. కొండ మీదికి పోయే ఘాట్ రోడ్డులో కట్టడి వేగం మీద కాదు, టైము మీద. ఇన్ని నిమిషాలకంటే ముందు చేరితే జరిమానా. అందుకని కొందరు భక్తులు మలుపుల్లో ప్రాణాలకు తెగించి పోయి, గేటు ఇంకాస్త దూరం ఉందనగా బండి పక్కకు ఆపి, మిగిలిన నిమిషాలు చెట్టు నీడన నిలబడి కరిగించి, ఆ తర్వాత బుద్ధిమంతుల్లా గేటు దాటుతారు. చట్టానికి చట్టం, వేగానికి వేగం. అలిపిరిలో మెట్లెక్కేవాళ్ళకు ఏ లిమిటూ లేదు. అక్కడ ఆ శాఖ మోకాళ్ళు చూసుకుంటాయి.

నేను పనిచేసింది రోడ్ల డిపార్టుమెంటులో. అప్పట్లో నా సెక్షన్ బంగారుపాళ్యం వైపు హైవే. జూన్, జులై వచ్చిందంటే ఆ రోడ్డు పక్కన తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసకట్టి నిలబడతాయి. రోడ్డుకు ఇవతల ఒక పల్లె, అవతల ఒక ఫ్యాక్టరీ. మధ్యలో నాలుగు వరసల హైవే, డివైడరులో గన్నేరు మొక్కలు, ఆ మొక్కల మధ్య మనుషులు దూరేంత సందు. పల్లెలోని ఆడవాళ్ళు పొద్దున ఆ సందులోంచి పోయి ఫ్యాక్టరీలో కాయలు కోసే పనిలో నిలబడతారు, సాయంత్రం అదే సందులోంచి తిరిగొస్తారు.

వాళ్ళకు ఒక మేస్త్రమ్మ. యాభై ఏళ్ళు దాటిన మనిషి. ఇరవై రెండు మందిని పొద్దున ఇళ్ళ నుంచి పిలుచుకుపోయి సాయంత్రం ఇళ్ళల్లో అప్పజెప్పే బాధ్యత ఆమెది. ముందు సీజన్లో ఆ గుంపులో ఒక పిల్లను కారు కొట్టి, తొడలో రాడ్డు వేశారు. ఆ తర్వాత ఇళ్ళల్లో మొగుళ్ళు, అత్తలు "ఆ రోడ్డు దాటే పని మాకొద్దు" అనడం మొదలుపెట్టారు. ఇంకొక్కరికి దెబ్బ తగిలితే గుంపు చెదిరిపోతుంది, ఇరవై రెండు ఇళ్ళల్లో సీజను పోతుంది. ఆ భయంతో ఆమె అర్జీ రాయించుకుని నా దగ్గరికి వచ్చింది.

"బోర్డు మార్చండి సామీ. ఎనబై అని రాసిపెట్టినారే, దాన్ని సూసి లారీవోడు నూరు పోతాండాడు. యాబై అని రాస్తే ఎనబై అన్నా పోతాడు గదా?"

వేగ పరిమితుల మీద నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్ళు లేరు.

"అట్ల మార్చేదానికి కుదరదమ్మా. ఆ ఎనభై ఎవరో ఆలోచించే పెట్టుంటారు," అన్నాను.

ఆమె వెళ్ళాక, ఎవరు ఆలోచించారో చూద్దామని పాత ఫైలు తీశాను. రోడ్డు తెరిచిన కొత్తలో ఒక ఇంజనీరు, ముందు కిలోమీటరులో ఎనభై ఉంది కాబట్టి ఇక్కడ కూడా ఎనభై ఉండవచ్చునని రాసి సంతకం పెట్టాడు. ముందు కిలోమీటరు ఫైలు తీశాను. దానికి ముందు కిలోమీటరులో ఎనభై ఉందట. అట్లా వెనక్కి పోతూ ఉంటే తేలింది ఏమిటంటే, ఎవరూ ఎక్కడా ఏమీ ఆలోచించలేదు. సంతకాలు మాత్రం అన్నీ ఒక్కడివే. నావే.

ఈ అర్జీని మా పెద్దసారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కూర్చునేది తిరుపతిలో. తిరుపతి నుంచి చిత్తూరుకు యాభై నిమిషాల్లో వస్తానని, పూతలపట్టు క్రాసులో కూడా బ్రేకు తొక్కనని కొత్తగా పరిచయమైన వాళ్ళందరికీ పేరుకంటే ముందు చెప్పేవాడు. మంచి మనిషే. వేగం ఒక్కటే ఆయన బలహీనత.

"నాలుగు వరసల రోడ్డు ఏసింది పొయ్యేదానికప్పా," అన్నాడు. "నిలబడేదానికైతే బస్టాండు కట్టించుందుము. నన్నడిగితే అసలు లిమిటే తీసెయ్యాల. అయినా నీ తృప్తి కోసం సర్వే చెయ్యి. పుస్తకం ఏం జెప్తే అదే రాద్దాం."

మీకు పాఠం చెప్పే ఉద్దేశం లేదు గానీ, ఈ ఒక్క సంగతి తెలియాలి. వేగం కొలిచే పద్ధతి సులువు. రోడ్డు మీద కొంత దూరంలో రెండు సున్నపు గీతలు గీస్తాం. బండి మొదటి గీత తొక్కగానే గడియారం నొక్కుతాం, రెండో గీత దగ్గర ఆపుతాం. అట్లా కొన్ని వందల బండ్లు. అందులో నూటికి ఎనభై అయిదు బండ్లు ఏ వేగం దాటకుండా పోతున్నాయో అదే ఆ రోడ్డుకు తగిన పరిమితి అని పుస్తకం. అంటే, జనంలో ఎక్కువమంది బుద్ధి కలిగిన వాళ్ళే అని ఒక నమ్మకం. పుస్తకం రాసినాయన మా హైవే మీద ప్రయాణం చేసిన దాఖలా లేదు.

నాకు తోడు మా వర్క్ ఇన్‌స్పెక్టరు. చిత్తూరు మనిషి. అందరం భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాయన, అన్న, చిన్నాయన అందరూ దర్జీలు. పోలీసు యూనిఫారాలు కుట్టే ఇల్లు. మిగిలిపోయిన గుడ్డతో భాయ్‌కి చొక్కాలు కుట్టేవాళ్ళు. కాబట్టి ఇరవై ఏళ్ళుగా ఆయన్ని ఖాకీలో తప్ప చూడలేదు. మాకు అలవాటైపోయి, అది ఖాకీ అన్న సంగతే మరిచిపోయాం. మొత్తం సర్వేలో జరిగిన మొదటి తప్పు అదే.

ఇద్దరం పొద్దున్నే గీతలు గీసి, కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. హైవే మీద అంత సౌజన్యం నేను ఎప్పుడూ చూడలేదు. అవతలి వరసలో పోయే లారీలు లైట్లు కొట్టి ఎదురొచ్చేవాళ్ళకు కబురు చెప్పాయి. కార్లు పెండ్లి ఊరేగింపులాగా వచ్చాయి. ఒకాయన బైకు ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్టును మమ్మల్ని చూసి తలకెత్తుకున్నాడు, ముందు వెనక మాత్రం చూసుకోలేదు. ఒక తమిళ లారీ డ్రైవరు ఏకంగా బండి ఆపి, సంచీతో సహా దిగి, భాయ్ ముందు చేతులు కట్టుకున్నాడు.

"పేపరెల్లాం కరెక్టా ఇరుక్కు సార్."

"పేపర్లన్నీ సరిగ్గా ఉంటే మంచిదే, పో బాబూ పో, మేము పోలీసోళ్ళం కాదు," అన్నాడు భాయ్.

పోలీసు కాని ఖాకీ అంటే అంతకంటే పెద్ద శాఖ ఏదో అనుకున్నాడు పాపం. బండిని దాదాపు తోసుకుంటూ పోయినంత నిదానంగా పోయాడు.

సాయంత్రం భాయ్ చెయ్యి ఊపుకుంటూ లేచాడు. "సాబ్, ఈ పొద్దు నాకు పడిన సలాములు నా పెండ్లినాడు గూడా పడలే."

పని ముగించుకుని వచ్చిన మేస్త్రమ్మ డివైడరు దగ్గర నిలబడి మమ్మల్ని చూసి నవ్వింది. "మీరిద్దురూ ఈడనే కాపురం పెట్టండి సామీ. ఈ పొద్దు ఆవులు గూడా మాకంటే ముందు దాటినాయి."

లెక్క వేస్తే నలభై రెండు. నూటికి ఎనభై అయిదు బండ్లు నలభై రెండు దాటలేదు. పెద్దసారుకు ఆ కాగితం చూపిస్తే కళ్ళు చెమర్చాయి. "సూసినావా? ఎంత క్రమశిక్షణప్పా మన జనానికి! వీళ్ళకు లిమిటు పెట్టడమే అవమానం."

నలభై రెండు ఎందుకు వచ్చిందో నేను చెప్పాను. ఆయనకు నచ్చలేదు. కానీ మళ్ళీ చెయ్యమన్నాడు. సర్వే చేస్తున్నన్నాళ్ళు నిర్ణయం చెయ్యక్కర్లేదు కదా.

రెండోసారి జాగ్రత్తపడ్డాం. రోడ్డు పక్కన మామిడికాయలు అమ్మే ఒక పందిరి వెనక కూర్చున్నాం. భాయ్‌కి వేరే చొక్కా లేదు. వాళ్ళన్న అంగట్లో ఎవరో కుట్టించుకుని తీసుకుపోని పూల చొక్కా ఒకటి దొరికింది. అందులో ఆయన సంక్రాంతికి అత్తారింటికొచ్చిన అల్లుడిలా కనబడ్డాడు. పందిరి యజమానురాలు "కాస్త సూసుకోండి, అన్నం తినొస్తా" అని పోయింది. నేను గడియారం, భాయ్ పుస్తకం. ఒక కారాయన దిగి కాయలు ఏరుతూ "ఎంతప్పా?" అన్నాడు. అదే సమయానికి నేను నొక్కిన గడియారం చూసి భాయ్ గట్టిగా "నూట పన్నెండు!" అన్నాడు.

"కిలోనా?"

"గంటకు," అన్నాడు భాయ్, తల ఎత్తకుండా.

ఆయన కాయలు అక్కడే పెట్టి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయాడు.

ఈసారి లెక్క తొంభై ఆరు. పుస్తకం ప్రకారం దగ్గరి పదికి సరిచేస్తే నూరు. అంటే, ఎనభై అని రాసి ఉన్న చోట జనం తొంభై ఆరు పోతున్నారు కాబట్టి, వాళ్ళు చట్టం మీరకుండా ఉండేందుకు చట్టాన్నే వాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి. పెద్దసారుకు పుస్తకం మీద గౌరవం అమాంతం పెరిగింది. "నూరు అని రిపోర్టు రాయప్పా. కమిటీలో పెడదాం."

బోర్డు తగ్గించమని అర్జీ పెట్టుకున్న మనిషికి బోర్డు పెంచుతున్నామని చెప్పాల్సిన బాధ్యత నాది. మేస్త్రమ్మ అంతా విని, కొంగుతో చేతికంటిన మామిడిపండు జిగురు తుడుచుకుంటూ నిలబడింది.

"అంటే సామీ, వాళ్ళు ఇంకా జోరుగా పోతే మీ బోర్డు ఇంకా పెరగతాదా?"

"పుస్తకం ప్రకారం... అంతేనమ్మా."

"మేము నిదానంగా దాటితే తగ్గతాదా?"

చేతిలోని కాగితాలు తిరగేశాను. సర్వే ఫారంలో లారీకి ఒక గడి ఉంది, కారుకు ఉంది, ట్రాక్టరుకు ఉంది, ఎద్దులబండికి కూడా ఉంది. కాళ్ళ మీద పోయేవాళ్ళకు గడి లేదు.

"ఆ గడియారం మామీద గూడా ఒకతూరి నొక్కండి," అంది. "మేము గూడా రోడ్డు మీదనే గదా పోతాండేది."

మర్నాడు పొద్దున్నే నొక్కాను. ఇంటి దగ్గర నుంచి అప్పుడే వస్తున్న కాళ్ళు. రోడ్డు అంచు నుంచి డివైడరు దాకా ఏడు సెకన్లు. నాకు ధైర్యం వచ్చింది. సాయంత్రం మళ్ళీ నొక్కాను. పొద్దంతా తడి నేల మీద నిలబడి కాయలు కోసిన కాళ్ళు. పాదాలు వాచి, చెప్పులు కొందరి చేతుల్లోకి వచ్చి ఉన్నాయి. గుంపులో అందరికంటే చివర మేస్త్రమ్మ వస్తుంది, ఎవరూ వెనకబడకుండా. ఆమె డివైడరు మీద కాలు పెట్టేసరికి పద్నాలుగు సెకన్లు.

ఆ చోట రోడ్డుకు ఒక మలుపు ఉంది. మలుపు దగ్గర లారీ ముక్కు కనబడిన చోటు నుంచి సందు దాకా టేపు పెట్టి కొలిచాం. రెండు వందల పది మీటర్లు. తొంభై ఆరు వేగంతో వచ్చే లారీకి ఆ దూరం ఎనిమిది సెకన్లు. లారీ ఎనిమిదిలో వస్తుంది, ఈమె పద్నాలుగులో దాటుతుంది. మధ్యలోని ఆరు సెకన్లు ఇన్నేళ్ళుగా దేవుడి డిపార్టుమెంటు చూసుకుంటోంది. పోయిన సీజన్లో ఒక్కసారి ఆ డిపార్టుమెంటు కూడా సెలవు పెట్టింది, ఒక పిల్ల తొడలోకి రాడ్డు వచ్చింది.

ఆ రెండు వందల పది మీటర్లు దాటేందుకు లారీకి కూడా పద్నాలుగు సెకన్లు పట్టాలంటే దాని వేగం యాభై నాలుగు ఉండాలి. బోర్డు మీద యాభై అనాలి. ఉద్యోగంలో చేరినాక ఒక వేగ పరిమితికి నాకు కారణం తెలియడం అదే మొదటిసారి.

కమిటీ సమావేశం చిత్తూరులో జరిగింది. నూరు అని ఒక కాగితం, యాభై అని ఒక కాగితం పట్టుకుని పోయాను. సభ్యుల్లో సగంమంది ఆలస్యంగా వచ్చారు, దారిలో ట్రాక్టర్ల వల్ల వేగంగా రాలేకపోయామని చింతించారు. మొదటి గంట అసలు లిమిటు ఉండాలా అన్న చర్చ. విదేశాల్లో లిమిటు లేని రోడ్లు ఉన్నాయని ఒకాయన చెప్పాడు. అక్కడ గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయేమో ఆయనకు తెలియదు. లిమిటు పెడితే దాన్ని మీరేవాళ్ళు ఎక్కువవుతారు, తీసేస్తే మీరేవాళ్ళే ఉండరు అని ఇంకొకాయన.

నా వంతు వచ్చినప్పుడు నూరు కాగితం చదివాను. తర్వాత గొంతు సవరించుకుని పద్నాలుగు సెకన్ల సంగతి చెప్పాను. ఒకరిద్దరు తలలూపారు. అర్థమైందనుకున్నాను. మా పెద్దసారు ముందుకు వంగాడు.

"అయితే వాళ్ళను ఇంకాస్త జోరుగా, బిన్నా నడవమను."

నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన దాన్ని నోట్సులో రాసుకున్నాడు. రోడ్డు త్వరగా దాటే విధానంపై మహిళలకు అవగాహన సదస్సు నిర్వహించవలెనని తీర్మానం కూడా సిద్ధమైంది. సదస్సు ఎవరు నిర్వహించాలన్న దగ్గర ఆగిపోయింది గానీ, లేకపోతే నేనే బంగారుపాళ్యంలో నిలబడి వాచిన కాళ్ళతో ఎట్లా పరిగెత్తాలో బొమ్మలు వేసి చూపించేవాణ్ణి.

చివరికి అధ్యక్షుల వారు మధ్యేమార్గం కనిపెట్టారు. నూరు, యాభై కలిపి సగం చేస్తే డెబ్భై అయిదు. డెబ్భై అయిదు బోర్డు స్టోర్లో ఉందా? లేదు. దగ్గర్లో ఏముంది? ఎనభై ఉంది. ఎక్కడుంది? రోడ్డు మీదే ఉంది.

మూడు గంటల చర్చ తర్వాత, ఉన్న బోర్డును ఉన్న చోటనే ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఏకగ్రీవం అంటే అందులో నా గొంతు కూడా ఉంది. కాదనడానికి లేచి నిలబడి ఉండొచ్చు. పింఛను దగ్గరపడిన మనిషి లేచి నిలబడటానికి పట్టే టైము ఎవరూ కొలవలేదు.

మర్నాడు సాయంత్రం మేస్త్రమ్మకు సంగతి చెప్పాను.

"మూడు గంటలు కూసుని, ఉన్నదాన్నే ఉండనిచ్చినారా?"

"అవునమ్మా."

"మీ పనే మేలు సామీ. మేము మూడు గంటలు కూసుంటే గేటు బయట ఉంటాం." ఎకసెక్కం ఆపి, గొంతు తగ్గించింది. "ఇద్దురు ఆడబిడ్డలు రేపట్నించి రామన్నారు. మిగిలినోళ్ళకు నేనేం సెప్పేది?"

నేను రోడ్డు వైపు చూశాను. అక్కడికి కాస్త దూరంలో భాయ్ నలుగురు మనుషుల్ని పెట్టి ఒక గుంత పూడ్పిస్తున్నాడు. ఒక వరస మూసేసి ఎర్ర డ్రమ్ములు అడ్డం పెట్టారు. 'పని జరుగుచున్నది. నిదానము. 30' అని బోర్డు. బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి, నత్తల్లా. మేస్త్రమ్మ గుంపు ఆ పూట సందు దగ్గర కాకుండా అక్కడే దాటుతోంది. అందులో ఒకామె రోడ్డు నడిమధ్య ఆగి, ఊడిన కొప్పు ముడి వేసుకుని, తీరిగ్గా కదిలింది. లారీవాడు హారను కూడా కొట్టలేదు.

నేను భాయ్ దగ్గరికి నడిచాను.

"చీకటి పడేలోపల అయిపోతాది సాబ్," అన్నాడు.

"కాకపోతే?"

భాయ్ నన్ను చూశాడు. తర్వాత ఆడవాళ్ళను చూశాడు. తర్వాత ఇంకోసారి నన్ను చూశాడు. దర్జీల ఇంట్లో పుట్టిన మనిషి, కొలత తీసుకోకుండానే అర్థం చేసుకోగలడు. "పెద్ద గుంత సాబ్," అన్నాడు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. హైవే మీద శాశ్వతంగా ఒక అంకె మార్చాలంటే కమిటీ కావాలి. తాత్కాలికంగా మార్చాలంటే అక్కడ పని చేయిస్తున్న ఇంజనీరు చాలు. పని జరుగుతున్నంత కాలం తాత్కాలికం. ఎంత కాలం జరగాలో ఎక్కడా రాయలేదు.

గుంత ఎంత పెద్దదైనా ఎప్పుడో ఒకప్పుడు పూడుతుంది. అందుకని సందు దగ్గరికి పని మార్చాం. డివైడరులోని గన్నేరు మొక్కలకు పాదులు తీయు పని. ఫ్యాక్టరీ తెరిచినప్పుడు మొదలయ్యేది, మూసినప్పుడు ఆగేది. పొద్దున షిఫ్టుకు ముందు డ్రమ్ములు, సాయంత్రం షిఫ్టు అయ్యాక తీసివేత. ఒక మనిషి పార పట్టుకుని ఉంటాడు. అప్పుడప్పుడు దాన్ని నేలకు తగిలిస్తాడు. మానుకున్న ఆడబిడ్డలు ఇద్దరూ నెల తిరక్కుండా తిరిగొచ్చారు.

రెండో సీజనులో మెమో వచ్చింది. పాదులు తీయు పని ఇంకనూ ఏల పూర్తి కాలేదు? 'వర్షముల వలన పాదులు పూడిపోయినందున మరల తీయబడుచున్నవి' అని రాశాను. మూడో సీజనులో ఇంకో మెమో. 'వర్షములు లేనందున మొక్కలు వాడినవి. పాదులు పెద్దవి చేయబడుచున్నవి.' మా డిపార్టుమెంటులో వర్షం పడినా పడకపోయినా పని ఆగదు.

నాలుగో సీజనులో మెమో బదులు పెద్దసారే వచ్చాడు. చిత్తూరు నుంచి ఎక్కడికో పోతూ, ఆ డ్రమ్ముల దగ్గర పన్నెండు బండ్ల వెనక ఇరుక్కున్నాడు. అద్దం దించి నన్ను పిలిచాడు.

"ఇంకెన్నాళ్ళప్పా నీ పాదులు? మొక్కలు నాటతాండావా, అడివి పెంచతాండావా?"

అంతలోనే షిఫ్టు అయిపోయింది. ఆయన కారు ముందు నుంచి గుంపు దాటడం మొదలుపెట్టింది. చేతుల్లో చెప్పులు, క్యారియర్లు, మోచేతుల దాకా పసుపు రంగు గుజ్జు మరకలు. తొడలో రాడ్డు వేసిన పిల్ల ఒక కాలు ఎత్తి వేస్తూ పోతోంది. చివర మేస్త్రమ్మ. పెద్దసారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వాళ్ళు డివైడరు ఎక్కేదాకా చూశాడు. జీవితంలో ఆయన రోడ్డు మీద అంతసేపు ఒకేచోట ఆగడం అదే మొదటిసారి అనుకుంటాను.

"వీళ్ళేనా ఆ పద్నాలుగు సెకన్లు?"

"అవును సార్."

అద్దం ఎత్తుకున్నాడు. ఆ తర్వాత మెమో రాలేదు. తిరుపతి, చిత్తూరు మధ్య యాభై నిమిషాలు మాత్రం ఆయన పెంచుకోలేదు. మనిషి మొత్తం ఒక్కరోజులో మారతాడని నేను చెప్పడం లేదు.

అట్లా ఆరు సీజన్లు. ఆరో సీజను అయిపోగానే నాకు శాలువా కప్పి ఇంటికి పంపించారు. నా స్థానంలో వచ్చినబ్బాయి బంగారం లాంటివాడు. యూనివర్సిటీ ఫస్టు. పెండింగు అన్న మాట వింటే నిద్రపట్టదు. ఛార్జి అప్పగిస్తూ గన్నేరు పాదుల గురించి చెప్పాలనుకున్నాను. ఆరేళ్ళ అబద్ధాన్ని అంత నిజాయితీగల కళ్ళలోకి చూస్తూ చెప్పడం కష్టం. ఇంకోరోజు చెబుదాంలే అనుకున్నాను. అదీ నా తప్పే, దాని మీద కూడా నా సంతకమే.

మరుసటి సీజను మొదలయ్యాక ఒకరోజు భాయ్ ఫోను చేశాడు.

"సాబ్, కొత్త సారు పాదులు తీయించేసినాడు."

"ఎప్పుడు?"

"నిన్న. జేసీబీ పెట్టించి. మద్దేన్నం అన్నాలకు ముందే అయిపోయింది సాబ్. ఆరేండ్ల పని! ఫోటో దీసి గ్రూపులో పెట్టినాడు. అందురూ దండాలు పెడతాండారు."

"డ్రమ్ములు?"

"స్టోర్లో ఉండాయి. పని అయిపోయింది గదా."

నేను తిరుపతిలో బస్సెక్కాను. బస్సు చాలా వేగంగా పోయింది. జీవితంలో మొదటిసారి డ్రైవరును ఇంకా తొందరగా పొమ్మందామా అనిపించింది. షిఫ్టు వదిలే వేళకు అక్కడ దిగాను.

డ్రమ్ములు లేవు. అవి ఉండే చోట ఫ్యాక్టరీ ప్లాస్టిక్ క్రేట్లు, కాయలు నింపేవి, ఒకదాని మీద ఒకటి పేర్చి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక ఆడమనిషి ముందుకు పోయి మలుపు దగ్గర కర్రకు ఎర్ర రవికగుడ్డ కట్టి పట్టుకుని నిలబడింది. బండ్లు నిదానించి, ఒకే వరసలోకి వచ్చి, ఆగి ఉన్నాయి. కొత్త ఇంజనీరు జీపు దిగి, క్రేట్లకూ మేస్త్రమ్మకూ మధ్య నిలబడి ఉన్నాడు. భాయ్ కాస్త వెనక, ఎవరి వైపూ కానట్టు నిలబడ్డాడు.

"ఎవరు పెట్టమన్నారమ్మా ఇవి? ఇది హైవే."

"పని జరగతాంది సార్," అంది మేస్త్రమ్మ.

"ఏం పని? పనంతా నిన్ననే పూర్తయింది కదా. నాకు తెలియకుండా ఈ రోడ్డు మీద ఏం పని?"

"దాటే పని సార్. ఇరవై రెండు మందిమి. పద్నాలుగు సెకన్లు పడతాది. మీ గడియారంలో సూసుకోండి, ఒక్కటి ఎక్కువైనా రేపట్నించి పెట్టం."

ఆమె ఆయన జవాబు కోసం ఆగలేదు. చెయ్యి ఊపింది. గుంపు రోడ్డు మీద అడుగుపెట్టింది.

ఆ అబ్బాయి నన్ను చూశాడు. ఆయన మణికట్టు తిప్పి నిజంగానే గడియారం చూసుకున్నాడు. మేము ముగ్గురం, ఆగి ఉన్న లారీల డ్రైవర్లు, అందరం చూస్తూ నిలబడ్డాం. అందరికంటే చివర మేస్త్రమ్మ, ఒక చేత్తో నడుము పట్టుకుని, డివైడరు మీద కాలు పెట్టింది.

"పదహారు పట్టిందమ్మా," అన్నాడు ఆ అబ్బాయి.

ఆమె గన్నేరు మొక్క పట్టుకుని వెనక్కి తిరిగింది. "పట్టదా మరి సార్? అప్పుటికీ ఇప్పుటికీ ఆరేండ్లు నిలబడి కాయలు కోసినాం."

ఆయన మలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ మలుపు ఇక్కడికి ఎంత దూరం సార్?"

"రెండు వందల పది మీటర్లు."

పెదవులు కదిలాయి. ఫస్టు వచ్చిన పిల్లవాడు, కాగితం అక్కర్లేదు. "పదహారు సెకన్లకు... గంటకు నలభై ఏడు," అన్నాడు మెల్లగా. భాయ్ వైపు చూశాడు. "స్టోరు ఇంకా తెరిచే ఉంటుందా?"